మెరుపన్న ఎడమ పక్క

"తలుపు తియ్యకు," అంది తల్లి.

"తియ్యకపోతే పోతాడా అమ్మా? లోపల ఉన్నామని తెలుసు ఆయనకి," అంది కూతురు.

"తెలిస్తే తెలియనీ. నువ్వు మాత్రం తియ్యకు."

బెల్లు మళ్లీ మోగింది. వచ్చింది టైలరని ఆ మోతే చెబుతోంది. ఆయన బెల్లు నొక్కాడంటే పక్క వాటాలోవాళ్లు కూడా తమ తలుపు తీసి చూస్తారు.

పడగ్గదిలో తండ్రి మెరుపన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి వెనక వాపు మీద ఐసు కట్టిన తువ్వాలు. ఆ తువ్వాలు పట్టుకున్నది బావమరిది. పట్టుకోవడమైతే పట్టుకున్నాడు గానీ, ఐసు కరిగి బావ చొక్కాలోకి కారుతున్న సంగతి చూసుకోవడం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చి ఇంకా పూట కాలేదు. డాక్టరు చెప్పింది నలుగురూ విన్నారు. మెదడులో ఒక రక్తనాళం ఉబ్బింది. అది నొక్కడం వల్లే ఎడమ పక్క చూపు పోయింది. ఆపరేషన్ వచ్చే వారం. ఈలోగా తలకి చిన్న దెబ్బ తగిలినా నేనేం చెప్పలేను అన్నాడు. డాక్టరు ఏం చెప్పలేనన్నాడంటే అంతా చెప్పేసినట్టే.

ఇంకో ఇంట్లో అయితే ఇది పెద్ద సమస్య కాదు. మెట్ల మీద జాగ్రత్త, స్నానాలగదిలో జాగ్రత్త అని చెప్పి ఊరుకుంటారు. ఈ ఇంట్లో అలా కుదరదు. ఎందుకంటే మెరుపన్న కనబడితే అభిమానులు చెయ్యి కలపరు. కొడతారు.

కోపంతో కాదు, ప్రేమతో. కుర్రతనంలో చేసిన ఒక సినిమాలో ఆయన కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఉంటాడు. వెనక నుంచి విలన్ పిడికిలి విసురుతాడు. తల కూడా తిప్పకుండా ఆ పిడికిలిని ఎడమ అరచేత్తో అందుకుని, రెండో చేత్తో మొహం తుడుచుకుంటాడు మెరుపన్న. అంతే, హాళ్లు ఊగిపోయాయి. ఆనాటి నుంచీ ఎక్కడ కనబడినా సరే, కూరగాయల కొట్టు దగ్గరైనా బస్సులోనైనా, చెప్పాపెట్టకుండా పిడికిలి విసరడం, ఆయన పట్టుకుని నవ్వి వదిలెయ్యడం. ఆయన చేతికి పిడికిలి చిక్కినవాడికే అభిమాన సంఘంలో సభ్యత్వం. పైగా చెయ్యి తగ్గించి, మెల్లిగా కొడితే ఆయన్ని అవమానించినట్టు లెక్క.

ఇన్నేళ్లలో ఒక్కటీ తప్పలేదు. మొన్న లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ విసిరిందే మొదటిసారి తప్పి, చెవి వెనక తగిలింది.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే కూతురికి అంతకు ముందే అనుమానం ఉంది. కంచంలో ఎడమ పక్క పెట్టినవి ఆయన ముట్టుకోకుండా లేచిపోతున్నాడు. అడిగితే ఆకలి లేదన్నాడు. కుడి పక్కవి మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

"వదినా! నేనూ!" బయట నుంచి టైలరు కేక.

"రానీ," అన్నాడు మెరుపన్న లోపల నుంచి. తువ్వాలు తీసి మంచం మీద పడేసి, వాపు మీదికి జుట్టు దువ్వుకున్నాడు. "రేపు సాయంత్రం సంఘంవాళ్ల సన్మానం పెట్టుకుని ఇవాళ తలుపేసుకుంటే ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీండి," అంది భార్య.

ఆయన తనే వెళ్లి తలుపు తీశాడు. గడియ తలుపుకి ఎడమ పక్కన ఉంది. దాని కోసం చెయ్యి రెండుసార్లు వెతుక్కుంది. అది చూసి కూతురు మొహం తిప్పుకుంది.

అభిమాన సంఘాన్ని నడిపే టైలరు చేతి మీద నల్లటి కోటు, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులతోనే మాట్లాడతాడు, నవ్వుతాడు, పాడతాడు కూడా. ఇన్నేళ్లలో ఒక్కటి మింగలేదు.

"అన్నా, ఇది తొడుక్కుని స్టేజీ ఎక్కావంటే హాలు పగిలిపోవాలి. చేతులు పైకెత్తు."

భార్య గబగబా వచ్చి భర్తకి ఎడమ పక్కన నిలబడింది.

"వదినా, కొంచెం జరగండి. భుజం చూడాలి."

"చూడండి. నేనేం అడ్డం లేను."

అడ్డం ఉంది. జరగలేదు. టైలరు ఆవిడ చుట్టూ తిరిగి కొలుచుకున్నాడు. ఆయన చెయ్యి ఎటు వెళ్తే ఆవిడ చూపు అటు వెళ్లింది. టేపు పట్టుకున్న చెయ్యి, సుద్ద పట్టుకున్న చెయ్యి, సూది గుచ్చే చెయ్యి. సూదులు గుచ్చుతున్న చేతులంటే భయం లేదు గానీ, ఖాళీగా ఉన్న చెయ్యి కనబడితే చాలు ఆవిడ భర్తకి ఇంకాస్త దగ్గరగా జరుగుతోంది.

టైలరు చెయ్యి ఉన్నట్టుండి మెరుపన్న మెడవైపు లేచింది.

"వద్దు!" అని అరిచింది ఆవిడ.

అందరూ బిగుసుకుపోయారు. టైలరు వేళ్ల మధ్య నల్లదారం ముక్క ఒకటి వేలాడుతోంది.

"దారం వదినా," అన్నాడు నొచ్చుకుని. "కాలరు మీద దారం."

"ఆవిడకి రాత్రి నిద్ర లేదులే," అన్నాడు మెరుపన్న. అది మాత్రం నిజమే.

టైలరు సర్దుకున్నాడు. ఆయన ఎక్కువసేపు నొచ్చుకుని ఉండగలిగే మనిషి కాదు. కోటు అంచు మడుస్తూ రేపటి కార్యక్రమం చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పాత సినిమాల్లోంచి ఫైట్లన్నీ కలిపి తెర మీద వేస్తారు. తర్వాత ఒక్కొక్కళ్లూ వచ్చి మాట్లాడతారు.

"నేనేం మాట్లాడతానో చెప్పనా అన్నా? మా నాన్న సంగతి చెబుతా. ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. అన్నం ఆలస్యమైనా దెబ్బే, అన్నం వేడిగా ఉన్నా దెబ్బే. నీ సినిమా చూసేదాకా దెబ్బ అంటే పడేదనే తెలుసు నాకు. దాన్ని పట్టుకోవచ్చని తెలీదు. ఓ రోజు ఆయన చెయ్యెత్తితే మణికట్టు పట్టుకున్నా. తిరిగి కొట్టలేదు. నువ్వూ ఏ సినిమాలోనూ ముందు కొట్టవు కదా! అలా పట్టుకుని నిలబడ్డా. ఆయనే వదిలించుకుని వెళ్లి మూల కూర్చున్నాడు. మళ్లీ చెయ్యెత్తలేదు." సూదులు నోట్లోంచి తీసి అరచేతిలో పోసుకున్నాడు. "కొట్టడం నేర్పేవాళ్లు వీధికి పదిమంది అన్నా. ఆపడం నేర్పినవాడివి నువ్వొక్కడివే."

మెరుపన్న కోటు గుండీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

కూతురి కళ్లు చెమర్చాయి. తల్లి మాత్రం టైలరు ఖాళీ చేతినే చూస్తోంది. ఆవిడకి ఇవాళ ఏ మంచి మాటా చెవికెక్కడం లేదు.

"ఆ తర్వాత అసలుది!" అన్నాడు టైలరు హుషారుగా. "ఈసారి వరసలు గిరసలు లేవు. నువ్వు హాల్లో అడుగుపెట్టింది మొదలు ఎవరైనా, ఎటు నుంచైనా, ఎప్పుడైనా! ఎవరి వంతు ఎప్పుడో వాళ్లకే తెలీదు. నీ స్థాయికి అదే సన్మానం."

"మెకానిక్ ఏమన్నాడు?" అని అడిగింది కూతురు మెల్లిగా. "మొన్నటి సంగతి మీకు చెప్పలేదా?"

"చెప్పకేం? ఏడ్చాడు పాపం. నేను తిట్టా. ఎందుకు తగిలిందిరా అంటే, పెద్దాయన కదా అని చెయ్యి తగ్గించి కొట్టాడట! మరి చేతగాని దెబ్బని అన్న పట్టించుకుంటాడా? ఈగ వాలినట్టు వాలనిచ్చి వదిలేశాడు. అందుకే అందరికీ గట్టిగా చెప్పేశా అన్నా. రేపు ఒక్కడు కూడా చెయ్యి తగ్గించడానికి వీల్లేదు. బలమంతా పెట్టి కొట్టాలి."

వంటింట్లో ఏదో కింద పడింది. టీ పెట్టడానికి వెళ్లిన బావమరిది చేతిలోంచి గిన్నె జారింది.

టైలరు టీ తాగకుండానే వెళ్లిపోయాడు. కోటుకి మిగతా గుండీలు కుట్టాలట. ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా కూతురు తలుపు దగ్గరే నిలబడి విని, గడియ పెట్టింది.

ముందు మాట్లాడింది బావమరిదే.

"బావా, నేను వెళ్తాను."

"ఎక్కడికి?"

"రేపు. నీ బదులు."

తెర మీద మెరుపన్న మేడ మీంచి దూకాడంటే కింద పడింది ఈ బావమరిది. గుర్రం మీంచి, రైలు మీంచి, ఓసారి మండుతున్న లారీ మీంచి కూడా. ఆ ఎముకలన్నీ ఇప్పుడు వానాకాలంలో విడివిడిగా పలకరిస్తుంటాయి. మనిషి పొడవు, భుజాలు, నడక అచ్చం బావవే. మొహం ఒక్కటే వేరు.

"నీ పాత సినిమాలో ముసుగు వీరుడి వేషం వేసుకుంటా. ముసుగులో ఎవరు చూడొచ్చారు? ఓ పది పిడికిళ్లు పట్టుకుని దిగిపోతా. కుడి చెయ్యి ఇంకా బానే ఉంది నాకు."

"మావయ్యా, నీ మోకాలు?" అంది కూతురు.

"మోకాలితో పట్టుకుంటానా ఏమిటి?"

మరో రోజైతే అందరూ నవ్వేవాళ్లు. మెరుపన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"జీవితమంతా నా బదులు నువ్వే పడ్డావు. ఎవరికీ చెప్పలేదు నేను. నువ్వూ చెప్పలేదు. మండే లారీ మీంచి దూకింది నేనేననుకుని చప్పట్లు కొట్టారు, మొహమాటం లేకుండా తీసుకున్నాను. నాదంటూ ఉన్నది ఈ ఒక్కటేరా. పిడికిలి పట్టుకున్నది నేను. ఏ సినిమాలోనూ అది నువ్వు చెయ్యలేదు. ఇది కూడా నీకిచ్చేసి ఇంట్లో కూర్చోమంటావా?"

బావమరిది తల దించుకున్నాడు. "నేనిమ్మనలేదు బావా," అన్నాడు.

"అయితే మానెయ్యండి," అంది భార్య. "జ్వరమని చెబుదాం. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడైనా పెట్టుకోమందాం."

"జ్వరమంటే సంఘం మొత్తం ఇంటికొస్తుంది. వచ్చి ఏం చేస్తారో తెలుసు కదా?"

తెలుసు. పోయినసారి జలుబు చేస్తే చూడడానికొచ్చినవాళ్లు మంచం చుట్టూ చేరి మరీ కొట్టారు. పడుకుని పట్టుకుంటే ఇంకా గొప్పట.

"అయితే నిజం చెప్పేద్దాం నాన్నా," అంది కూతురు. "వాళ్లకి నువ్వంటే ప్రాణం. అర్థం చేసుకుంటారు."

"అర్థం చేసుకుంటారు. అదే వద్దు నాకు."

"అంటే?"

"రోడ్డు మీద కనబడితే పక్కకి తప్పుకుంటారు. జాగ్రత్త అన్నా, మెట్టుంది అన్నా అంటారు. ఆ టైలరు వాళ్ల నాన్న చెయ్యి ఎలా పట్టుకున్నాడో విన్నావుగా? రేపు వాడి ముందు నేను చెవులు మూసుకుని బల్ల కింద దూరాలా?"

"దూరితే తప్పేమిటండీ?" అంది భార్య. "నాకు భయంగా ఉంది. ఎప్పుడూ చెప్పలేదు మీకు. మీ ఫైటు ఒక్కటి కూడా నేను చూడలేదు. పక్కనే కూర్చుని కళ్లు మూసుకునేదాన్ని. ఈలలు విని, హమ్మయ్య, బతికే ఉన్నారనుకునేదాన్ని. ఇప్పుడు కళ్లు మూసుకుని కూర్చోలేను. ఇవాళ పాల ప్యాకెట్ ఇచ్చినవాడి చెయ్యి చూసి కూడా వణికాను. మిమ్మల్ని ప్రేమించేవాళ్లంటేనే నాకు భయం."

ఆయన ఆవిడవైపు తిరగబోయాడు. ఆవిడ ఎడమ పక్కనుంది. తల బాగా తిప్పితే గానీ కనబడలేదు.

"నాకు లేదనుకున్నావా భయం?" అన్నాడు. గొంతు తగ్గింది. "ఎడమ పక్క చీకటైనా ఉంటే బావుండేది. చీకటైతే ఏదో ఉందనుకుంటాం. అక్కడ ఏమీ లేదు. మొన్న ఆ మెకానిక్ పిడికిలి ఏమీ లేనిచోటు నుంచి వచ్చింది. అప్పటి నుంచీ ఆ పక్క నుంచి ఎప్పుడూ ఏదో వస్తున్నట్టే ఉంది. కూర్చున్నా, పడుకున్నా."

"మరి?"

"మరేముంది? చప్పుడు విని పట్టుకుంటా. ఎవరితోనూ చెప్పకు. చెప్పి నన్ను బతికించావే అనుకో, అలా మిగిలిన మనిషిని ఏం చేసుకుంటావు?"

ఆయన లోపలికి వెళ్లి పడుకున్నాడు. తలుపు గట్టిగా వేసి ఉంటే కోపమని తెలిసేది. మెల్లిగా వేశాడు.

ఆయన నిద్రపోగానే ఆవిడ ఒక్కతే వీధి చివర ఉన్న టైలరు కొట్టుకి వెళ్లింది. లోపల రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడ నిండా మెరుపన్నలు. గాల్లో మెరుపన్న, వానలో మెరుపన్న, అద్దాలు బద్దలుకొట్టుకుని వస్తున్న మెరుపన్న. వాటిలో సగం తన తమ్ముడని అక్కడ ఆవిడ ఒక్కదానికే తెలుసు. నేల మీద పరిచిన పొడుగాటి బ్యానరు చుట్టూ ఓ పదిమంది అభిమానులు గొంతుక్కూర్చుని అక్షరాలు అతికిస్తున్నారు. బస్సు డ్రైవరు, మందుల షాపాయన, తెల్లజుట్టు పోస్ట్‌మ్యాన్. ఒక్కొక్కరి చెయ్యీ ఒక్కో సమ్మెటలా కనబడింది ఆవిడకి.

"వదిన వచ్చింది! కుర్చీ వెయ్యండ్రా!"

కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం. ఇల్లు దాటేటప్పుడు ఎన్నో రకాలుగా అనుకుంది, సున్నితంగా ఎలా మొదలుపెట్టాలా అని. తీరా నోరు తెరిచాక అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.

"ఆయనకి ఎడమ పక్క కనబడదు. మెదడులో నరం ఉబ్బింది. మీలో ఒక్కరి దెబ్బ తగిలినా ఆయన బతకరు."

కుట్టుమిషను ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడిన వాసన రావడం మొదలైతే ఎవరో దాన్ని పైకి తీశారు.

"మెకానిక్ దెబ్బ ఆయన వదిలెయ్యలేదు. కనబడలేదు. అంతే."

టైలరు గోడ మీది బొమ్మలవైపు చూశాడు, తన చేతులవైపు చూసుకున్నాడు. "బలమంతా పెట్టి కొట్టమన్నాను," అన్నాడు. "నేనే చెప్పాను వదినా. ఇంటింటికీ తిరిగి మరీ చెప్పాను." ఆయన అక్కడే నేల మీద, అతికించని అక్షరాల మధ్య కూలబడ్డాడు.

"ఇప్పుడు వద్దని చెప్పండి. నేను వచ్చినట్టు మాత్రం ఆయనకి తెలియనీకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"అంత మాటనకండి వదినా. ఇప్పుడే బయల్దేరతాం. ఒక్కడు చెయ్యెత్తితే ఆ చెయ్యి నేను విరుస్తా."

పోస్ట్‌మ్యాన్ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడకి ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఊపిరి ఆడింది. ఇంత తేలిగ్గా అయ్యేదానికి అంత వణికాను కదా అనుకుంది.

గుమ్మం దగ్గర వెలుగు తగ్గింది.

మెరుపన్న నిలబడి ఉన్నాడు. ఆయన వెనక, కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చిన తమ్ముడు ఒగరుస్తున్నాడు. "బావ లేచి చూస్తే నువ్వు లేవక్కా. నేను వద్దంటున్నా వినకుండా..." అని ఆగిపోయాడు.

మెరుపన్న భార్యని చూశాడు. ఆమె కుడి పక్కనే ఉంది, బాగానే కనబడింది. గుమ్మం దాటి కొట్టు మధ్యకి వచ్చి, ఎప్పుడూ నిలబడినట్టే చేతులు వదులుగా వేలాడేసి నిలబడ్డాడు. ఇక్కడికి ఎప్పుడొచ్చినా అలా నిలబడగానే నాలుగు పక్కల నుంచీ పిడికిళ్లు వచ్చేవి, నవ్వులు వచ్చేవి.

ఎవరూ కదల్లేదు. ముందు పోస్ట్‌మ్యాన్ తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత బస్సు డ్రైవరు. తర్వాత ఒక్కొక్కళ్లూ, తప్పు చేసిన పిల్లల్లాగా, చేతులు వెనక దాచుకున్నారు.

మెరుపన్న వాళ్లందరినీ చూశాడు. చూడడానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. అలా తిప్పడం కూడా వాళ్లు చూశారు. మందుల షాపాయన ఉండబట్టలేక, "అన్నా, కింద బ్యానరుంది, జాగ్రత్త," అన్నాడు.

ఆ మాటకి ఆయన మొహం ఎలా అయిందో భార్య చూసింది. చెవి వెనక దెబ్బ తగిలినప్పుడు కూడా అలా కాలేదు.

"లెయ్," అన్నాడు టైలరుతో.

టైలరు లేచాడు.

"కొట్టు."

"అన్నా..."

"ఎడమ పక్క నుంచి. బలమంతా పెట్టి."

"నా వల్ల కాదన్నా. చంపెయ్యమన్నా నా వల్ల కాదు."

"ఏవండీ!" భార్య ముందుకు దూకింది. ఆయన చూడకుండానే కుడి చెయ్యి అడ్డంగా చాపి ఆవిడని ఆపేశాడు. ఆ చేతిలో బలం ఇంకా అలాగే ఉంది. ఆవిడ రెండు చేతులతో లాగినా కదల్లేదు.

"ఇన్నేళ్లలో నిన్ను ఒక్కటీ అడగలేదు నేను," అన్నాడు మెరుపన్న. గొంతు మెత్తగా ఉంది. "సన్మానం వద్దు. కోటు వద్దు. ఇది నేను పట్టుకోలేకపోతే, వాళ్లందరి కళ్లలో ఇప్పుడున్నదే ఇక మిగిలేది. ఆ చూపుతో నేను బతకలేనురా. నేనంటే అభిమానం ఉంటే కొట్టు."

"కొట్టకండి," అంది ఆవిడ. "మీకు దణ్ణం పెడతాను, కొట్టకండి!"

టైలరు ఆవిడని చూశాడు. ఆయన్ని చూశాడు. చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండా, మెల్లిగా నడిచి మెరుపన్న ఎడమ పక్కకి వెళ్లాడు. మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టి, పిడికిలి బిగించాడు.